ఒక కంప్యూటరు, రెండు పైథాన్లు

(కమ్యూనిటీ రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి ఇది అక్షరరూపం. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాం.)



"కంప్యూటర్ల గురించి ఇంటిల్లిపాదికీ పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అని ఈ కార్యక్రమం నిర్వాహకులు నన్ను అడిగారు. ఏం చెప్పాలా అని నేను తర్జనభర్జన పడుతుండగానే ఒక ఫోను వచ్చింది. దాంతో విషయం దొరికింది.

నవంబరు నెల, శుక్రవారం రాత్రి పది దాటింది. ఫోను చేసింది మిస్సిసాగాలో ఉండే ఒక మిత్రుడు. నాకంటే పదేళ్ళు పెద్దాయన. "తమ్ముడూ, పడుకున్నావా? అమ్మాయి కంప్యూటరు పాడైంది. పన్నెండు లోపల అసైన్‌మెంటు పంపాలిట. ఏడుస్తోంది" అన్నారు. ఫోను అమ్మాయికి ఇమ్మన్నాను. "బాబాయ్, నేనేం చెయ్యలేదు. పైథాన్ కొత్త వెర్షను పెట్టాను, అంతే. అప్పట్నుంచీ టెర్మినల్ తెరుచుకోవడం లేదు" అంది.

"నేనేం చెయ్యలేదు" అన్న మాట వినగానే నాకు నా పాత రోజులు గుర్తొచ్చాయి. 2016లో నేను కూడా సరిగ్గా ఇదే మాట అన్నాను. అప్పుడు నా మూలంగా ఒక పెద్దావిడకి జీతం తక్కువ పడింది. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

ఈ రెండు కథల్లోనూ ముద్దాయి ఒకడే. ఒకే కంప్యూటర్లో ఒకే ప్రోగ్రామింగ్ భాషకి రెండు మూడు వెర్షన్లు ఉండటం, వాటిలో ఏది పని చేస్తోందో మనం చూసుకోకపోవడం. "ఇదంతా సాఫ్ట్‌వేరు వాళ్ళ గోల, మాకెందుకు" అనుకోకండి. మన పిల్లలు హైస్కూల్లోనే పైథాన్ మొదలుపెడుతున్నారు. కాలేజీకి వెళ్ళాక ఒక్కో ప్రొఫెసరు ఒక్కో వెర్షను అడుగుతారు. ఉద్యోగంలో చేరాక పదేళ్ళ నాటి ప్రోగ్రాములు చేతికిస్తారు. అన్నిటికీ ఇంట్లో ఉన్నది ఒకటే ల్యాప్‌టాపు.

ముందు అసలు వెర్షను అంటే ఏమిటో చూద్దాం.

మనలో ఇంజనీరింగు జె.ఎన్.టి.యు.లో చదివినవాళ్ళు చాలామంది ఉంటారు. మీకు ఆర్09, ఆర్13 అన్న పేర్లు చెప్తే చాలు. 2009లో ఒక రెగ్యులేషను, 2013లో ఇంకొకటి. సబ్జెక్టు పేరు అదే ఉంటుంది, సిలబస్ మాత్రం మారుతుంది. ఆర్09 వాడికి సప్లీ ఉండిపోయిందనుకోండి. ఆర్13 వచ్చేసింది కదా అని యూనివర్సిటీ వాడికి కొత్త పేపరు ఇవ్వదు. అదే పరీక్షల రోజుల్లో పాత పేపరు పాతవాళ్ళకి, కొత్త పేపరు కొత్తవాళ్ళకి ఇస్తుంది. ఎవరికి ఏ పేపరో హాల్‌టికెట్టు చూసి చెప్తారు. పొరపాటున పేపర్లు తారుమారైతే ఏమవుతుంది? కొన్ని ప్రశ్నలు రెంటిలోనూ ఉంటాయి కాబట్టి కుర్రాడు కొంతసేపు హాయిగా రాసేస్తాడు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. తప్పు పేపరు అని వెంటనే తెలియదు.

ప్రోగ్రామింగు భాష కూడా అంతే. భాష తయారుచేసేవాళ్ళు దాన్ని మెరుగుపరుస్తూ కొత్త వెర్షన్లు విడుదల చేస్తూ ఉంటారు. ఎక్కువ భాగం మార్పులు పాత ప్రోగ్రాములకి ఇబ్బంది కలిగించవు. అప్పుడప్పుడు మాత్రం, పాత తప్పు దిద్దాలంటే పాత పద్ధతి వదులుకోక తప్పదు అన్న పరిస్థితి వస్తుంది.

ఇది ఈనాటి గొడవ కాదు. మనం ఉన్న ఈ ఒంటారియోలోనే దీనికి పాత ఉదాహరణ ఉంది. 1960లలో ఫోర్‌ట్రాన్ అనే భాష రెండో వెర్షను నుంచి నాలుగో వెర్షనుకి మారింది. రెంటికీ పూర్తిగా పొసగలేదు. పాత ప్రోగ్రాములని కొత్త భాషలోకి మార్చడానికి ఒక అనువాద ప్రోగ్రామే రాయాల్సి వచ్చింది. ఆ రోజుల్లో, 1965లో, వాటర్లూ యూనివర్సిటీ విద్యార్థులు వాట్‌ఫోర్ అని ఒక ఫోర్‌ట్రాన్ కంపైలరు తయారుచేశారు. విద్యార్థుల ప్రోగ్రాముల్లో తప్పులు త్వరగా పట్టి చూపించడం దాని ప్రత్యేకత. దాని తరవాత 1968 ప్రాంతంలో వాట్‌ఫైవ్ వచ్చింది. ఆ పనికి అండగా నిలిచిన ప్రొఫెసరు వెస్ గ్రాహం. ఆయన పేరు మళ్ళీ చివర్లో వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇక పైథాన్ సంగతి. దీని మూడో వెర్షను 2008 డిసెంబరులో వచ్చింది. రెండో వెర్షనుకీ దీనికీ పడదని తెలిసే విడుదల చేశారు. అంత సాహసం ఎందుకు చేశారంటే, దానికి ఉన్న పెద్ద కారణాల్లో ఒకటి మన తెలుగుకి కూడా సంబంధించిందే.

"తెలుగు" అన్న మాట తీసుకోండి. మన లెక్కలో మూడక్షరాలు. తె, లు, గు. యూనికోడ్ లెక్కలో ఆరు గుర్తులు. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. కంప్యూటరు దాన్ని యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో దాచుకునేటప్పుడు ఒక్కో గుర్తుకి మూడేసి బైట్లు పడతాయి కాబట్టి మొత్తం పద్దెనిమిది బైట్లు. ఈ మాట పొడవెంత అని పైథాన్ 2ని మామూలుగా అడిగితే 18 అంటుంది. యూనికోడ్ మాట అని ప్రత్యేకంగా చెప్తే తప్ప అది బైట్లే లెక్కపెడుతుంది. పైథాన్ 3 అయితే 6 అంటుంది. ఇంగ్లీషు మాటలకి రెండు లెక్కలూ ఒకటే కాబట్టి చాలాకాలం ఈ తేడా ఎవరికీ పట్టలేదు. తెలుగు, హిందీ, చైనీసు వాడేవాళ్ళకి మాత్రం అక్షరాలు మధ్యలో తెగిపోయి ప్రశ్నార్థకాలుగానూ, పెట్టెలుగానూ కనిపించేవి. ఈ తప్పు దిద్దడానికే మాటలని దాచుకునే పద్ధతి మొత్తం మార్చారు. అంటే ఆ మార్పు మనలాంటి వాళ్ళకి మేలు చేసిందే.

మేలు చేసినా ఇబ్బంది ఇబ్బందే. అప్పటికే రాసి ఉన్న పైథాన్ 2 ప్రోగ్రాములు లెక్కలేనన్ని. వాటిని ఒక్క రోజులో మార్చలేరు. మొదట పైథాన్ 2కి 2015 వరకే గడువు అన్నారు. 2014 ఏప్రిల్లో, ఆ యేటి పైకాన్ సదస్సు మన మాంట్రియల్లో జరిగిన నెలలోనే, ఆ గడువుని 2020కి పొడిగించారు. 2020 జనవరి 1తో పైథాన్ 2కి మద్దతు ముగిసింది. 2.7.18 అన్న చివరి వెర్షను ఆ ఏప్రిల్లో వచ్చింది. అంటే పదకొండేళ్ళకి పైగా రెండు పైథాన్లూ ఒకే కంప్యూటర్లో కాపురం చేశాయి.

ఆ కాపురం మధ్యలో ఇరుక్కున్నవాళ్ళలో నేనొకణ్ణి. ఇప్పుడు నా కథ చెప్తాను.

నేను 2012లో మాస్టర్స్ చేయడానికి కెనడా వచ్చాను. చదువయ్యాక చిన్న చిన్న కంపెనీలకి కన్సల్టింగు పనులు చేసేవాణ్ణి. 2016లో ఒక ఏజెన్సీ వాళ్ళు పిలిచారు. పెద్ద వయసు వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి సాయం చేసే ఆయాలని పంపే ఏజెన్సీ అది. ఎవరు ఎన్నింటికి పనిలోకి దిగారు, ఎన్నింటికి ముగించారు అన్న వివరాలు ఒక ఫైల్లో ఉంటాయి. వాటిని గంటల్లోకి మార్చి జీతాల లెక్కకి అందించాలి. ఏముంది? నిమిషాలని అరవైతో భాగిస్తే గంటలు. నా ల్యాప్‌టాపులో పైథాన్ 3లో రాశాను. ఏడున్నర గంటల షిఫ్టు, అంటే 450 నిమిషాలు, అరవైతో భాగిస్తే 7.5 వచ్చింది. బాగుంది.

తీసుకెళ్ళి వాళ్ళ ఆఫీసు సర్వర్లో పెట్టాను. అక్కడ "పైథాన్" అని పిలిస్తే పలికేది పైథాన్ 2. ఆ సంగతి నేను చూసుకోలేదు. పైథాన్ 2లో ఒక పూర్ణసంఖ్యని ఇంకో పూర్ణసంఖ్యతో భాగిస్తే దశాంశం రాదు. 450ని అరవైతో భాగిస్తే 7 అంటుంది, అంతే. మిగిలిన అరగంట గాలిలో కలిసిపోతుంది. పైథాన్ 3 ఈ పద్ధతిని మార్చి 7.5 ఇస్తుంది. రెండు చోట్లా ప్రోగ్రాము ఒక్కటే, ఒక్క అక్షరం తేడా లేదు. సర్వరు ఏ తప్పూ చూపించలేదు. ఫైలు తయారైంది. గంటల వరసలో 7, 8, 6 అని నమ్మదగిన అంకెలే ఉన్నాయి. నేను సంతోషంగా ఇంటికి వచ్చేశాను.

కొన్ని వారాల తరవాత ఒక తెలుగువాళ్ళ ఇంట్లో భోజనాలప్పుడు ఒక పెద్దావిడ నా పక్కన కూర్చున్నారు. అదే ఏజెన్సీలో ఆయాగా పని చేస్తారావిడ. "బాబూ, మా ఆఫీసులో కంప్యూటరు పని చేసింది నువ్వేనటగా. రెండు వారాలకి పది షిఫ్టులు చేశాను. ఏడున్నర లెక్కన డెబ్భై అయిదు గంటలు రావాలి. డెబ్భై అని వేశారు. అడిగితే కంప్యూటరు అలా ఇచ్చింది అంటున్నారు" అన్నారు.

నేనేమన్నానో తెలుసా? "ఆంటీ, నేనేం చెయ్యలేదు. కంప్యూటరు లెక్క తప్పదు. మీరోసారి సరిగ్గా చూసుకోండి" అన్నాను.

ఆవిడకి కోపం రాలేదు. సంచిలోంచి చిన్న నోటుబుక్కు తీశారు. రోజువారీగా వెళ్ళిన టైము, వచ్చిన టైము రాసి ఉన్నాయి. "నాకు కంప్యూటర్లు రావు బాబూ. గడియారం చూడ్డం వచ్చు" అన్నారు.

ఆ రాత్రే ఆ పుస్తకంలో అంకెలు పెట్టుకుని చూశాను. నా ల్యాప్‌టాపులో డెబ్భై అయిదే వచ్చింది. మర్నాడు సర్వర్లో చూస్తే డెబ్భై. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. అరగంట, పావుగంట ఉన్న ప్రతి షిఫ్టులోనూ ప్రతి మనిషికీ కోత పడింది. ఆఫీసుకి వెళ్ళి తప్పు నాదేనని చెప్పి, మొదటి నుంచీ మళ్ళీ లెక్క కట్టి ఇచ్చాను. తరవాతి జీతంతో కలిపి అందరికీ తేడా సొమ్ము ఇచ్చారు. ఆవిడ నోటుబుక్కు రాయకపోతే అది ఎన్నాళ్ళు సాగేదో నాకు తెలియదు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వెర్షను తేడా వల్ల ప్రోగ్రాము ఆగిపోతే అది మన అదృష్టం. ఆగకుండా తప్పు లెక్క ఇస్తేనే ప్రమాదం. అందుకని నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కంప్యూటర్లో ఎన్ని వెర్షన్లయినా ఉండనివ్వండి, కానీ ఏ పనికి ఏ వెర్షనో ఆ పనితో పాటే రాసి ఉండాలి. హాల్‌టికెట్టు మీద రెగ్యులేషను రాసినట్టు.

అది ఎలా చెయ్యాలో ఇప్పుడు చూద్దాం. రేడియోలో కమాండ్లు చెప్పడం కష్టమే. అయినా ప్రయత్నిస్తాను. కాగితం, కలం దగ్గర పెట్టుకోండి.

ముందు కంప్యూటరు ఏ పైథాన్‌ని పిలుస్తుందో తెలుసుకోవాలి. మన తెలుగువాళ్ళ పార్టీలో "శ్రీనూ" అని పిలిచి చూడండి. నలుగురు తిరిగి చూస్తారు. కంప్యూటరుకి ఆ తికమక లేదు. దాని దగ్గర "పాత్" అని ఒక జాబితా ఉంటుంది. ఏ ఫోల్డరు తరవాత ఏ ఫోల్డర్లో వెతకాలి అన్న వరస అది. ఆ వరసలో మొదట కనిపించిన శ్రీనుని పట్టుకుని పని చెప్తుంది. వెనకాల ఉన్న శ్రీనుల మొహం కూడా చూడదు. కొత్త వెర్షను పెట్టినా పాతదే పలుకుతోంది అని చాలామంది తల పట్టుకునేది ఇందుకే. కొత్తది వరసలో వెనక ఉంటుంది.

ఎవరు పలుకుతున్నారో తెలుసుకోవాలంటే పైథాన్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు పెట్టి, వెర్షన్ అని కలిపి కొట్టండి. నంబరు చెప్తుంది. మాక్, లినక్స్ కంప్యూటర్లలో పైథాన్3 అని కొట్టాల్సి రావచ్చు. ఏ ఫోల్డర్లోంచి వస్తోందో చూడాలంటే మాక్, లినక్స్‌లలో "విచ్" అన్న కమాండు, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో "వేర్" అన్న కమాండు ఉన్నాయి. ఏ పనైనా మొదలుపెట్టే ముందు ఈ రెండూ చూసుకోవడం అలవాటు చేసుకుంటే సగం గొడవ తీరిపోతుంది.

రెండో సంగతి. కంప్యూటరు తన సొంత పనికి పెట్టుకున్న పైథాన్ జోలికి వెళ్ళకండి. అమ్మాయి కంప్యూటరు పాడైంది ఇక్కడే. ఆమెది ఉబుంటు 22.04. దానితో పాటు పైథాన్ 3.10 వస్తుంది. అసైన్‌మెంటుకి 3.12 కావాలన్నారు. 3.12 పెట్టింది, అది తప్పు కాదు. కానీ ఎవరో చెప్పింది చూసి, పైథాన్3 అన్న పేరుని 3.10 నుంచి తీసి 3.12కి తగిలించింది. ఉబుంటులో టెర్మినల్ తెరిచే చిన్న ప్రోగ్రాము కూడా పైథాన్లోనే రాసి ఉంది. దానికి కావలసిన సరంజామా 3.10కి సరిపడేలా చేసింది. 3.12 చేతికి ఇస్తే దానికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. అందుకే టెర్మినల్ తెరుచుకోలేదు. అద్దెకున్నవాళ్ళు తమ గదిలో ఏ సామానైనా పెట్టుకోవచ్చు గానీ, ఇంటి మెయిన్ స్విచ్ మార్చకూడదు కదా.

మూడోది, వెర్షన్లని పక్కపక్కనే పెట్టుకోవడం. ఒకటి తీసేసి ఇంకొకటి పెట్టనక్కర్లేదు. విండోస్‌లో పైథాన్‌తో పాటు ఒక చిన్న పిలుపు సదుపాయం వస్తుంది. దాని పేరు పి, వై అని రెండే అక్షరాలు. పి వై అని కొట్టి, ఒక ఖాళీ, ఒక అడ్డగీత, దానికి ఆనించి 3.11 అని కొడితే 3.11 పలుకుతుంది. 3.12 అని కొడితే 3.12. అవి ముందే పెట్టి ఉండాలి సుమండీ. మాక్, లినక్స్ వాడేవాళ్ళకి పైఎన్వ్ అనే ఉచిత సాధనం ఉంది. అది వరసలో అందరికన్నా ముందు నిలబడి, మన పిలుపు తను అందుకుని, ఈ ఫోల్డరుకి ఏ వెర్షను కావాలో చూసి, దానికి అప్పగిస్తుంది. పెళ్ళిలో గుమ్మం దగ్గర నిలబడి మగపెళ్ళివారిని ఇటు, ఆడపెళ్ళివారిని అటు పంపే పెద్దమనిషి లాగన్నమాట. ఆ ఫోల్డర్లో వెర్షను నంబరు రాసిన చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. అదే హాల్‌టికెట్టు. 2024లో వచ్చిన యు.వి. అన్న కొత్త సాధనం కూడా ఈ పని చేస్తుంది. దాన్ని విండోస్‌లో కూడా వాడుకోవచ్చు.

నాలుగోది, ప్రతి పనికీ వేరే పెట్టె. వెర్షను ఒక్కటే చాలదు. ప్రతి ప్రోగ్రాముకీ బయటి నుంచి తెచ్చుకున్న లైబ్రరీలు కొన్ని కావాలి. వాటికీ వెర్షన్లు ఉంటాయి. అన్నీ ఒకే చోట పోస్తే కలగాపులగం అవుతుంది. మన ఇళ్ళల్లో ఆవకాయ జాడీ, మాగాయ జాడీ వేరు వేరుగా పెడతాం. ఒకదాని గరిటె ఇంకోదాంట్లో పెడితే అమ్మమ్మ ఊరుకోదు. ఇదీ అలాంటిదే. పైథాన్ 3.3 నుంచి, అంటే 2012 నుంచి, ఈ జాడీలు చేసుకునే సదుపాయం భాషతోనే వస్తోంది. పేరు వీఎన్వ్. విండోస్‌లో అయితే ఇందాకటి పి వై, వెర్షను నంబరు కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత ఎమ్, ఖాళీ, వీఎన్వ్, ఖాళీ, మీకు నచ్చిన పేరు. అంతే. తరవాత దాన్ని యాక్టివేట్ చేస్తే, ఆ జాడీ వరసలో అందరికన్నా ముందుకొస్తుంది. ఉబుంటులో దీనికి వేరే ప్యాకేజీ ఒకటి పెట్టుకోవాల్సి రావచ్చు.

ఈ జాడీ విషయంలో మూడు జాగ్రత్తలు. ఒకటి, దాన్ని ఏ వెర్షనుతో చేశామో ఆ వెర్షనుకే అది కట్టుబడి ఉంటుంది. వేరే వెర్షను కావాలంటే కొత్త జాడీ చేసుకోవాలి. రెండు, అసలు పైథాన్ జాడీలో ఉండదు, బయట పెట్టిన పైథాన్ మీదే అది ఆధారపడుతుంది. బయటిది తీసేస్తే జాడీ పనికిరాదు. మూడు, దాన్ని యు.ఎస్.బి. స్టిక్కులో వేసి ఇంకో కంప్యూటరుకి పట్టుకెళ్ళి లాభం లేదు. పచ్చడి పట్టుకెళ్ళకండి, పాళ్ళు రాసిన కాగితం పట్టుకెళ్ళండి. అంటే ఏ లైబ్రరీ, ఏ వెర్షను అన్న జాబితా. పిప్ ఫ్రీజ్ అన్న కమాండు ఆ జాబితా రాసిపెడుతుంది. అక్కడ కొత్త జాడీ చేసి, ఆ జాబితా ప్రకారం నింపుకోవచ్చు.

అయిదోది నేను జీతాల లెక్క దగ్గర నేర్చుకున్నది. ప్రోగ్రాము మొదట్లోనే తనని ఏ పైథాన్ నడుపుతోందో చూసుకుని, సరైనది కాకపోతే "నాకు పైథాన్ 3 కావాలి" అని ఆగిపోయేలా రెండు పంక్తులు రాయండి. ఆ రెండు పంక్తులు నేను 2016లో రాసి ఉంటే సర్వరు మొదటి రోజే గోల పెట్టేది. పెద్దావిడ నోటుబుక్కు దాకా వచ్చేది కాదు. ఇంకో మాట. ప్రోగ్రాముని రాసిన చోట కాదు, నడిచే చోట పరీక్షించండి. జవాబు చేతితో లెక్క కట్టగలిగిన ఒక ఉదాహరణ పెట్టుకుని, అదే జవాబు వస్తోందా అని చూడండి.

ఇంత హడావిడి ఒక్క ల్యాప్‌టాపుకేనా అనుకుంటారేమో. దేశం మొత్తానికి ఇదే సమస్య వస్తే ఏం చేస్తారో చెప్తాను. కెనడాలో యూనివర్సిటీ పరిశోధకులందరూ పంచుకునే పెద్ద కంప్యూటర్లు ఉన్నాయి. ఒకప్పుడు కంప్యూట్ కెనడా అనేవాళ్ళు. 2022 నుంచి డిజిటల్ రిసెర్చ్ అలయన్స్ ఆఫ్ కెనడా అనే సంస్థ చూస్తోంది. అందులో 2017లో వాటర్లూలో మొదలైన యంత్రానికి గ్రాహం అని పేరు పెట్టారు. ఇందాక గుర్తుంచుకోమన్న వెస్ గ్రాహం పేరే అది. దాని స్థానంలో 2025లో నిబి వచ్చింది. నిబి అంటే ఇక్కడి ఆదివాసుల్లో అనిషినాబె వాళ్ళ భాషలో నీళ్ళు.

అక్కడ వేలమంది ఒకే యంత్రం వాడతారు. ఒకరిది వాతావరణం, ఒకరిది జన్యుశాస్త్రం. ఒకరికి ఈ యేటి పైథాన్ కావాలి, ఇంకొకరికి అయిదేళ్ళ కిందటిది కావాలి. అందుకని అన్ని వెర్షన్లూ ఒక పెద్ద భాండాగారంలో పెట్టి, మాడ్యూల్ లోడ్ అన్న కమాండు ఇచ్చారు. మాడ్యూల్ లోడ్ పైథాన్, గీత, 3.11 అంటే నీ ఒక్కడి వరసలో, ఆ పూటకి మాత్రమే 3.11 ముందుకొస్తుంది. పక్కవాడి వరస మారదు. భాండాగారానికి కూడా 2020, 2023 అని సంవత్సరాల పేర్లతో వేరు వేరు తరాలు ఉన్నాయి. వ్యాసం ప్రచురించాక "మీ లెక్క మళ్ళీ చేసి చూపించండి" అని ఎవరైనా అడిగితే, ఏ వెర్షనుతో చేశామో రాసి ఉండాలి కదా. మన పిల్లలెవరైనా మాస్టర్స్, పీహెచ్‌డీలలో చేరితే ఈ పద్ధతి మొదటి వారమే ఎదురవుతుంది. ఇంట్లోనే అలవాటైతే అక్కడ తడబడరు.

పైథాన్ గురించే చెప్పాను గానీ మిగతా భాషలూ ఇదే బాట. మనవాళ్ళకి అన్నం పెట్టిన జావా ఉంది చూశారూ, దాని సృష్టికర్త జేమ్స్ గాస్లింగ్ పుట్టింది కాల్గరీ దగ్గర. 2014లో వచ్చిన జావా 8 మీద ఇంకా నడుస్తున్న ప్రోగ్రాములు ఉన్నాయి. దాని తరవాత 11, 17, 21 వచ్చాయి. అక్కడ జావా హోమ్ అన్న పేరుకి ఏ ఫోల్డరు రాసి ఉందో చూసుకోవాలి. అలాగే పి.హెచ్.పి. సృష్టికర్త రాస్మస్ లెర్డార్ఫ్ చదివింది వాటర్లూలో. వెబ్‌సైట్లు నడిపేవాళ్ళు పి.హెచ్.పి. 5 నుంచి 7కి, 7 నుంచి 8కి మారినప్పుడు ఈ పాట్లన్నీ పడ్డారు. సాధనాల పేర్లు మారతాయి, సూత్రం మారదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పాత వెర్షను ఉంచుకోవచ్చు అన్నాను కదా అని దాన్ని ఇంటర్నెట్టుకి ఎదురుగా కూర్చోబెట్టకండి. పైథాన్ 2కి 2020 తరవాత దాని తయారీదారుల నుంచి భద్రతా మరమ్మతులు ఆగిపోయాయి. పైథాన్ 3లో కూడా ప్రతి వెర్షనుకీ దాదాపు అయిదేళ్ళే ఆయుష్షు. పాత లెక్క తిరగేసి చూసుకోవడానికి పాతది పక్కన ఉండాలి. రోజూ నలుగురూ వాడే పని మాత్రం కొత్తదానికి మార్చుకోవాలి. మార్చేటప్పుడు కొన్నాళ్ళు రెండూ నడిపి, జవాబులు పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాలి. అందుకోసమైనా ఒకే కంప్యూటర్లో రెండు వెర్షన్లు ఉండటం తప్పదు.

మళ్ళీ అమ్మాయి దగ్గరికి వద్దాం. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కమన్నాను. బొమ్మలేవీ లేని నల్లటి తెర వచ్చింది. టెర్మినల్ తెరుచుకోకపోయినా అక్కడ పని చేసుకోవచ్చు. పేరు, పాస్‌వర్డు ఇచ్చి, పైథాన్3 అన్న పేరుని మళ్ళీ 3.10కే తగిలించాం. మామూలు తెరకి వచ్చి చూస్తే టెర్మినల్ తెరుచుకుంది. 3.12 ఎక్కడికీ పోలేదు, పక్కనే ఉంది. దానితో అసైన్‌మెంటు కోసం ఒక జాడీ చేయించాను. పన్నెండుకి ఇంకా ఇరవై నిమిషాలుండగా పంపేసింది.

ఫోను పెట్టేసే ముందు అడిగింది. "బాబాయ్, మరి ఏ వెర్షనుతో చేశానో ప్రొఫెసరుగారికి రాయాలా?"

"అడగకపోయినా రాయమ్మా" అన్నాను. ఆ పెద్దావిడ తన షిఫ్టు టైము రాసుకున్నట్టే. రాసి ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో ఒకరికి న్యాయం జరుగుతుంది.